కిటికీ ముందు వచ్చింది, ఇల్లు తరువాత



"ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి." పెద్దాసుపత్రి వరండాలో ఈ మాట మీరు ఎప్పుడైనా విన్నారా? మీ నాన్నగారి గురించో, అత్తగారి గురించో విని ఉండవచ్చు. విన్నవారికి తెలుసు, ఆ రాత్రి ఎంత పొడవుగా ఉంటుందో. మంచం మీద నొప్పితో మూలిగే మనిషి, చుట్టూ ఏం చేయాలో తోచని మనుషులు. డాక్టరు పని అయిపోయింది. కాని ఆ కుటుంబం పని అప్పుడే మొదలైంది.

చేయగలిగింది ఏమీ లేదన్న ఆ మాటను ఒప్పుకోని ఒక స్త్రీ చరిత్ర ఈ వేళ మీకు చెప్పాలని ఆశపడుతున్నాను.

ఆమె పేరు సిసిలీ సాండర్స్. 1918లో ఇంగ్లండులో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పి ఆమెను ఆ పనిలో నిలువనీయలేదు. తరువాత రోగుల ఇంటి కష్టసుఖాలు చూసే సామాజిక కార్యకర్తగా ఆసుపత్రిలోనే చేరింది. 1945లో ఆమె క్రీస్తును విశ్వసించింది. చావుబ్రతుకుల మధ్య ఉన్నవారి కోసం తన జీవితాన్ని పెట్టడానికి ఆ విశ్వాసమే ఒక కారణం.

ఆ రోజుల్లో ఆమెకు డేవిడ్ టాస్మా అనే రోగి పరిచయమయ్యాడు. పోలండు దేశపు యూదుడు. హోటల్లో వడ్డన పని చేసుకొనేవాడు. నలభై ఏళ్ళకే కాన్సరు. తాను ఈ లోకంలో ఉన్నట్టు ఏ గుర్తూ మిగలదే అన్నది అతని దిగులు. ఆమె అతని మంచం దగ్గర కూర్చొని మాట్లాడేది. ఇటువంటివారు నెమ్మదిగా కన్నుమూయడానికి ఒక చోటు ఉంటే ఎంత బాగుండునని ఇద్దరూ అనుకొనేవారు. 1948 ఫిబ్రవరిలో అతడు చనిపోయాడు. తన దగ్గరున్న 500 పౌండ్లు ఆమెకు వ్రాసిపెట్టి, నీవు కట్టే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడు. అప్పటికి ఇల్లూ లేదు, స్థలమూ లేదు! ఆ కిటికీ చుట్టూ ఇల్లు లేవడానికి 19 సంవత్సరాలు పట్టింది.

ఈ మధ్యకాలంలో ఏమి జరిగిందో కాస్త నిదానంగా చూద్దాం. మరణానికి దగ్గరైనవారిని చూసే సెయింట్ లూక్స్ అనే చోట ఆమె సాయంకాలాలు సేవ చేసింది. మామూలు ఆసుపత్రుల్లో రోగి తాళలేక అరిచి అడిగితేనే మార్ఫిన్ ఇచ్చేవారు. అలవాటు పడతాడేమోనని భయం. ఇక్కడ మాత్రం గడియారం చూసి, నొప్పి తిరగబెట్టక ముందే ఇచ్చేవారు. దొంగ ఇంట్లో దూరాక తరమడం కాదు, వాకిట్లోనే ఆపడం అన్నమాట. నొప్పి రాదన్న ధైర్యం ఉన్న మనిషి భార్యతో మాట్లాడగలడు, బిడ్డను దగ్గరకు తీసుకోగలడు.

ఈ పద్ధతిని నలుగురికీ చెప్పాలంటే డాక్టరు కావాలని ఒక సర్జను సలహా ఇచ్చాడు. 33వ ఏట ఆమె వైద్య విద్యార్థిని అయింది! 1957లో డాక్టరై, మరుసటి సంవత్సరం కథోలిక సన్యాసినులు నడిపే సెయింట్ జోసెఫ్స్‌లో పనికి కుదిరింది. అక్కడ రోగుల మాటలు టేపురికార్డరులో పట్టి, ఓపికగా వినేది. నొప్పి ఎలా ఉందని ఒకామెను అడిగితే, మొదట వీపులో ఉండేదనీ, ఇప్పుడు తనలో ఏదీ సరిగా లేనట్టుందనీ చెప్పిందట. ఒంటి నొప్పి ఒక్కటే కాదు. మనసు బెంగ, ఇంటివారి చింత, చేతిలో డబ్బు లేకపోవడం, దేవుడెందుకిలా చేశాడన్న ప్రశ్న, అన్నీ కలిసి ఒకే నొప్పి అని సాండర్స్ గ్రహించింది. నన్నడిగితే, ఆమె కట్టిన భవనం కన్నా ఈ గ్రహింపే పెద్దది. కూతురి పెళ్ళి గురించి నిద్రపట్టని తండ్రికి మాత్ర ఒక్కటే సరిపోతుందా?

1967లో లండన్ దక్షిణాన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. అక్కడ రోగితోపాటు కుటుంబం కూడా సంరక్షణలో భాగమే. 1969లో నర్సులు ఇళ్ళకే వెళ్ళడం ప్రారంభించారు. మనిషి పోయాక మిగిలినవారి దుఃఖాన్ని పట్టించుకోవడానికి కోలిన్ పార్క్స్ అనే మానసిక వైద్యుడు తోడయ్యాడు. హాస్పిస్ అంటే చావును తొందరపెట్టే చోటని కొందరి అపోహ. సాండర్స్ అటువంటి దానికి చివరిదాకా వ్యతిరేకి. 2005లో ఆమె కాన్సరుతో, తాను స్థాపించిన ఆ హాస్పిస్‌లోనే కన్నుమూసింది.

మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన ఆశ్రమం మొదలైంది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన సహచరులు పూనుకొన్నారు. తరువాత కేరళలో ఊరివాళ్ళే నేర్చుకొని పొరుగింటి రోగిని చూసుకొనే పద్ధతి పెరిగింది. అయితే మార్ఫిన్‌కు 1985 నాటి మత్తుమందుల చట్టం పెద్ద అడ్డయింది. 2014లో దానిని సవరించారు. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. 2011లో స్పర్శ్ హాస్పిస్ ఆరంభమైంది.

కాబట్టి ప్రియులారా, ఇంటికి తీసుకెళ్ళండి అని ఎవరైనా చెబితే, డిశ్చార్జి కాగితం చేతిలో పట్టుకొని వెంటనే లేచి రాకండి. ఈ నొప్పికి మందు ఎవరు వ్రాస్తారు? ఎన్ని గంటలకొకసారి వేయాలి? అర్ధరాత్రి ఎక్కువైతే ఎవరికి ఫోను చేయాలి? ఈ మూడూ అడిగి, జవాబు వ్రాయించుకొని రండి.