1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా

క్రొత్త వ్యాధి యేది వ్యాపించినను "ఏటేట వచ్చు ఫ్లూజ్వరము వంటిదే కదా" యనువారు కొందరు బయలుదేరుదురు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడును ఈ మాట వింటిమి. ఈ పోలిక యెంతవరకు నిలుచునో తెలియగోరువారు 1918 నాటి చరిత్రమును జూడవలయునని మా యభిప్రాయము.

ఆ యేటి జూన్ నెలలో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవున దిగినది. మొదట దానికి చిక్కినవారిలో రేవునందలి పోలీసు సిపాయిలు కొందరు. చనిపోయినవారు లేకపోలేదు గాని, పెక్కురు కొన్నినాళ్లు మూలిగి లేచిరి. సెప్టెంబరులో అదే జ్వరము మరల విజృంభించి ఊపిరితిత్తులను బట్టినది. రైళ్లవెంట దేశమెల్ల బ్రాకినది. హిందూదేశమున మృతులు 1 కోటి 20 లక్షలని కొందరును, 1 కోటి 80 లక్షలని కొందరును లెక్కించిరి.

మామూలు ఫ్లూ వలన నేడు ప్రపంచమంతటను ఏటికి 2,90,000 మొదలు 6,50,000 వరకు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అనగా లోకమంతయు పదునెనిమిదేండ్లలో గోల్పోవునంత జనమును ఒక్క దేశము కొలది మాసములలో గోల్పోయినది. నాటి లోకజనాభా నేటిదానిలో నాలుగవవంతైనను లేదు.

అయినను రోగులలో జచ్చినవారు నూటికి ఇద్దరు ముగ్గురే యని సామాన్యముగ జెప్పుదురు. మామూలు ఫ్లూలో వేయికి ఒక్కరు. నూటికి తొంబదియేడుగురు బ్రదుకు రోగము వీథిలోనివానికి భయంకరముగ దోపదు. మోసమంతయు నిచ్చటనే యున్నది. ఎన్నడు నెరుగని క్రిమిని నిలుపు శక్తి యెవరి దేహమునను లేనందున రోగుల సంఖ్యయే అపారమగును. పైగా ఏటేటి జ్వరము వృద్ధులను, శిశువులను గొనిపోవును. 1918 నాటిది ఇరువది నలువదేండ్ల నడిమివారిని గొనిపోయినది. మనదేశమున పురుషులకంటె స్త్రీలే హెచ్చుగా జనిపోయిరి. రోగులకు పరిచర్య చేయువారెవరో, ఇంట గడపట భుజించువారెవరో చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

చిత్రమేమనగా, ఆ క్రిమి సంతతియే తరువాత పలు దశాబ్దములు ఏటేటి ఫ్లూగా దిరిగినది. కాబట్టి మారకత్వమును క్రిమియందే వెదకిన జాలదు. ఆ 1918లోనే, ఒక్క బొంబాయి నగరముననే, ఈ జ్వరమువలన యూరోపియనులలో వేయికి 8 మంది, పార్శీలలో 9 మంది, సవర్ణ హిందువులలో సుమారు 19 మంది మరణించిరి. అంటరానివారని, తక్కువకులమువారని త్రోసివేయబడిన హిందువులలో వేయికి 61 మందికి పైగా మరణించిరి. ఆ యేడు వానలు తప్పినవి. ధాన్యము ధర మిన్నంటినది. వారు గాలి చొరని ఇరుకు గదులలో గుంపులుగా గాపురముండిరి.