అరువు అధికారం: గ్రేట్ లేక్స్ నౌకాదళ శిక్షణలో శిక్షణార్థుల నాయకత్వం

1. ఉపోద్ఘాతం:

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు తీరాన 1911లో ప్రారంభమైన గ్రేట్ లేక్స్ కేంద్రం నేడు ఆ దేశ నౌకాదళంలో చేరే నావికులకు ఏకైక ప్రాథమిక శిక్షణ స్థలం. అక్కడ శిక్షణార్థులలోనే కొందరికి నాయకత్వ బాధ్యతలు అప్పగిస్తారు. ఆ బాధ్యతల స్వభావాన్ని, అదే కేంద్రంలో 1944లో జరిగిన ఒక ఘట్టం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పదవుల స్వరూపం:

శిక్షణార్థులను డివిజన్లుగా విభజిస్తారు. డివిజనుకు ముందు నిలిచి నడిపించే శిక్షణార్థిని రిక్రూట్ చీఫ్ పెట్టీ ఆఫీసర్ అంటారు. వసతిగది శుభ్రతను మాస్టర్ ఎట్ ఆర్మ్స్, రాతకోతలను యోమన్, చిన్న బృందాలను సెక్షన్ లీడర్లు చూస్తారు. వీరిని ఎంపిక చేసేదీ, తప్పించేదీ బోధకులే. శిక్షణతోపాటే పదవీ ముగుస్తుంది. తోటివారికి ఆజ్ఞ ఇవ్వడం, తోటివారి ఆజ్ఞకు లోబడడం రెండూ ఇక్కడ పాఠాలే. ఈ విధంగా ఇది అరువు అధికారం. అయితే అరువిచ్చేవారు ఎవరిని అర్హులుగా గుర్తిస్తారన్న ప్రశ్న దీని వెంటే వస్తుంది.

3. పదహారుగురు, పదముగ్గురు:

1930లలో నల్లజాతివారికి ఆ నౌకాదళంలో దక్కినది భోజనశాల సేవ మాత్రమే. 1942 జూన్ నుంచి ఇతర విధులకూ వారిని తీసుకున్నారు గాని, గ్రేట్ లేక్స్‌లో వారి శిబిరం వేరు. అంతర్యుద్ధ కాలంలో శత్రునౌకను చేజిక్కించుకొని బానిసత్వం నుంచి బయటపడిన రాబర్ట్ స్మాల్స్ పేరే ఆ శిబిరానికి పెట్టారు. 1944 జనవరిలో పదహారుగురు నల్లజాతి నావికులకు అక్కడే అధికారి శిక్షణ మొదలైంది. దీపాలార్పే వేళ దాటాక, వెలుతురు బయటికి పొక్కకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పుకుంటూ వారు చదివారు. పదహారుగురూ ఉత్తీర్ణులయ్యారు. మార్చిలో పన్నెండుగురు ఎన్‌సైన్లుగా, ఒకరు వారెంట్ అధికారిగా నియమితులయ్యారు. మిగిలిన ముగ్గురికి ఆ హోదా దక్కలేదు. ఆ పదముగ్గురే చరిత్రలో ‘గోల్డెన్ థర్టీన్’గా నిలిచారు.

4. ముగింపు:

బోధకుడు ఇచ్చిన పదవిని బోధకుడే తీసుకోగలడు. దుప్పట్ల చాటున పంచుకున్న బాధ్యతను ఇచ్చినవారు లేరు, కనుక తీసుకోగలవారూ లేరు. హోదాకు నోచుకోని ముగ్గురూ ఆ నాయకత్వంలో సమాన భాగస్వాములే. 1987లో గ్రేట్ లేక్స్‌లోని ఒక భవనానికి గోల్డెన్ థర్టీన్ పేరు పెట్టారు. కొత్తగా వచ్చే శిక్షణార్థులు మొదట అడుగుపెట్టేది అందులోనే. అయితే ఆ పేరులోని లెక్క నౌకాదళం గుర్తించినవారిది. చదివి నెగ్గినవారి లెక్క పదహారు. శిక్షణార్థుల నాయకత్వ చరిత్రను రాసేవారు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.