టీఎంవీ-2, మేవెన్ 2
మా అనంతపురం శెనక్కాయ రైతులు టీఎంవీ-2 విత్తనాన్ని పట్టుకుని వేలాడారని విసుక్కునేవాళ్లున్నారు. తమిళనాడులోని తిండివనం నుంచి 1940లో వచ్చిన రకం అది. 2002లో కదిరి-6 వచ్చాక కూడా చాలామంది వదల్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల. విత్తనం తప్పితే ఆ ఏడు పోయేది రైతుకే. నాకది మొండితనంగా కనబడదు.

ఎప్పుడు మారాలన్న ఆ నిర్ణయాన్ని 2005 నాటి మేవెన్ 2 ప్రోగ్రామర్ చేతిలోంచి తీసేసుకుంది. జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే ఈ సాధనం, పామ్ ఫైల్లో ప్లగిన్ వెర్షన్ రాయకపోతే కొత్తదాన్ని తనే తెచ్చుకునేది. మన కోడ్‌లో ఒక్క అక్షరం మారకున్నా నిన్న నడిచిన బిల్డ్ ఇవాళ ఆగిపోవచ్చు. ‘నో ప్లగిన్ అప్‌డేట్స్’ అనే ఆప్షన్ ఉండేది గానీ, అది ఇచ్చిన ఆ ఒక్క కమాండ్‌కే. పక్క సీటు వాళ్ల కంప్యూటర్‌కు ఏం తెలుస్తుంది? 2008లో 2.0.9 వచ్చేసరికి ముఖ్యమైన ప్లగిన్ల వెర్షన్లను సూపర్ పామ్‌లోనే రాసిపెట్టారు. 2010లో మేవెన్ 3, వెర్షన్ లేనిచోట హెచ్చరించడం మొదలుపెట్టింది. హెచ్చరికే, బిల్డ్‌ను ఆపదు.

వెర్షన్ రాసుకుంటే నిలకడ వస్తుంది. భద్రతా లోపాన్ని సవరించిన ప్లగిన్ మాత్రం దానంతటది రాదు. ఎవరో ఒకరు కూర్చుని, నడిపి చూసి, ఆ అంకె మార్చాలి.