నర్సరావుపేట క్షేత్రానికి దూరపు చుట్టాలు

జూబిలీ సంచిక అనగానే దొరల ఫొటోలు, పాస్టర్ల వరస, గుడి కట్టిన ఏడాది, కానుకల లెక్క గుర్తొస్తాయి. అవీ ఉండాల్సిందే. కానీ నాదెండ్ల, నర్సరావుపేట చుట్టుపట్ల బాప్టిస్టు సంఘాలకు ఆ జాబితాల్లో కనబడని చుట్టరికాలు కొన్ని ఉన్నాయి. ఒకటి న్యూయార్క్ మురికివాడల్లోకి పోతుంది. ఇంకోటి దక్షిణాఫ్రికా తేయాకు తోటల్లోకి పోతుంది. అన్నింటికంటే దగ్గరిది కారంచేడుకు పోతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషను 1883లో విశాలమైన ఒంగోలు క్షేత్రాన్ని పంచింది. అంతదాకా జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒక్కరి చేతికింద ఉన్న నేలలోంచి నర్సరావుపేట, వినుకొండ, బాపట్ల విడివిడి క్షేత్రాలయ్యాయి. కాబట్టి ఇక్కడి కథ మొదలు ఒంగోల్లోనే ఉంది.

తాళ్లకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. 1866లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. వెనకే చుట్టాలూ పక్కాలూ రాసాగారు. ఒంగోలు మిషను బడిలో చదువుకుంటున్న పై కులాల పిల్లలకు అది మింగుడుపడలేదు. మాదిగలు వస్తే తాము రామన్నారు. పలుకుబడి ఉన్న కుటుంబాలు ముందు వస్తే మిగతావాళ్లు తమంతట తామే వస్తారన్నది ఆనాటి మిషనరీల్లో చాలామంది లెక్క. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం 26వ వచనం. లోకం చిన్నచూపు చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం. ఈ సంగతి క్లౌ స్వయంగా చెప్పుకున్నదే. దైవసంకల్పం అనేవాళ్లు అననీ, కాకతాళీయం అనేవాళ్లు అననీ. పై కులాల పిల్లలు బడి మానేశారు, మాదిగలు సంఘంలో నిలిచారు.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి పని చూపించాడు. కూడు కోసం మతం మారారన్న మాట పడకుండా కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. బాప్తిస్మాలు ఇచ్చింది దొర కాదు, వంతులవారీగా ఆరుగురు తెలుగు బోధకులు. ఆ అంకె అందరూ చెబుతారు, ఈ ఆరుగుర్ని మాత్రం తరచూ మరిచిపోతారు.

ఇక న్యూయార్క్ చుట్టరికం. క్లౌ 1894లో రెండో పెళ్లి చేసుకున్న ఎమ్మా రౌషెన్‌బుష్ అప్పటికే తెలుగు నేల మీద పనిచేసిన మిషనరీ. స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద బెర్న్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. మాదిగల పాతకథల్ని, తొలి క్రైస్తవుల జీవితాల్ని వాళ్లు చెప్పినట్టే విని, 1899లో ఇంగ్లిషులో పుస్తకం వేసింది. మాదిగల నోటిమాటకు అచ్చులో చోటు దొరకడమే అరుదైన రోజులవి.

ఆమె తమ్ముడు వాల్టర్. అప్పటి నెల్లూరు జిల్లా రామాపట్నంలోని తెలుగు వేదాంత పాఠశాలకు అధిపతిగా ఆయన్ని పంపాలన్న ప్రతిపాదన వచ్చింది. పాత నిబంధన మీద ఆయన అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని కొందరు అడ్డుపడ్డారు. రామాపట్నం తప్పిపోయింది. 1886లో ఆయన న్యూయార్క్‌లో జర్మన్ కూలీల సంఘానికి పాస్టరయ్యాడు. అక్కడి ఆకలి, పసిపిల్లల చావులు చూసి, ఆత్మల రక్షణ ఒక్కటే చాలదు, సమాజం కూడా మారాలని 1907లో రాసిన పుస్తకం అమెరికా చర్చిల్ని కుదిపింది. క్రోజర్ సెమినరీలో చదువుకుంటూ ఆ పుస్తకం పట్టుకున్న నల్లజాతి విద్యార్థి మార్టిన్ లూథర్ కింగ్. తన ఆలోచనకు రౌషెన్‌బుష్ వేసిన పునాదిని మాంట్‌గోమరీ బస్సుల ఉద్యమం మీద 1958లో తెచ్చిన పుస్తకంలో కింగ్ ఒప్పుకున్నారు. 1959లో కేరళలో ఒక బడికి వెళ్తే తనను అమెరికా అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశారని, మొదట ఉలిక్కిపడి తర్వాత ఆ మాట నిజమేనని ఒప్పుకున్నానని ఆయన 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు.

రెండో చుట్టరికంలో దొరల ప్రమేయం తక్కువ. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన తెలుగువాళ్లకు తమ భాషలో ఆరాధన కావాలని కబురొస్తే, తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ 1903లో జాన్ రంగయ్యను పంపింది. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తోటలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. ఒప్పందం తీరాక అక్కడే ఉండాలనుకున్న కూలి ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాల్సిన కాలమది. తెల్లవాళ్ల చట్టం మనిషిని రంగును బట్టి తూచే చోట కూలీలకు సొంత పేరూ సొంత భాషా ఉన్న చోటు ఆ సంఘమే.

సముద్రాలు దాటిన ఈ సంఘాలు ఊళ్లో రెండు పల్లెల మధ్య సందు మాత్రం చాలాకాలం దాటలేకపోయాయి. పూర్వపు గుంటూరు జిల్లాలో మాలలు ఎక్కువగా లూథరన్లు, మాదిగలు ఎక్కువగా బాప్టిస్టులు. మిషన్లు పొలం గట్ల మాదిరి సరిహద్దులు పంచుకోవడంతో కులం గీతకు చర్చి గీత తోడైంది. వినుకొండలో పుట్టిన కవి జాషువా బయట కులం వల్ల, లోపల పురాణాలు చదివినందువల్ల రెండు వైపులా వెలి అనుభవించాడు. చర్చి తనను తాను తడిమి చూసుకోవాల్సిన చోటు అది.

ఇక దగ్గరి చుట్టరికం. చిలకలూరిపేట నుంచి పర్చూరు మీదుగా చీరాల పోయే దారిలో కారంచేడు ఉంది. తాగునీటి చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు మొదలైన గొడవలో మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ తన మీదికి వచ్చిన దెబ్బకు బిందె అడ్డుపెట్టింది. మర్నాడు, 1985 జులై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. మిగతావాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరం పక్కన నిలబడ్డ కత్తి పద్మారావు, ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్న బొజ్జా తారకం, ఇద్దరూ మాదిగలు కారు. దళిత మహాసభ ఆ కదలికలోంచే వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడు మాలపల్లె కోసం కదిలినవాళ్లలో మాదిగలూ ఉన్నారు. మిషన్లు కలపని రెండు పల్లెల్నీ ఈ రెండు దుఃఖాలు ఒక ఊరేగింపులో నడిపించాయి.

ఆ కలయిక ముందు మిగిలిన పని కాగితాల మీదే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవులైన దళితులకు ఆంధ్రప్రదేశ్‌లో దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం. అందుకే చాలా ఇళ్లల్లో సంఘం రిజిస్టరులో ఒక పేరు, మండలాఫీసు సర్టిఫికెట్టులో మరో పేరు. హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఇదే ప్రశ్నను పరిశీలించడానికి అంతకుముందే, 2022 అక్టోబరులో, కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు తర్వాత గడువు పొడిగించారు. ఆ కమిషన్‌కు చూపించదగ్గ సాక్ష్యం పల్నాటి సంఘాల దగ్గర చాలా ఉంది. పాత బాప్తిస్మపు రిజిస్టర్లలో పేరు, ఊరు, కులం పక్కపక్కనే రాసి ఉన్న పుటలను చెదలు పట్టకముందే స్కాన్ చేయించడం జూబిలీ కమిటీల చేతిలో ఉన్న పని.