బాణామతి

బాణామతి: అకారణంగా కనిపించే రోగాలకు, మరణాలకు ఒకరి మంత్రప్రయోగమే కారణమనే నమ్మకం. తెలంగాణలో, ముఖ్యంగా మెదక్ ప్రాంతంలో, పక్కనున్న బీదర్‌లో, మరాఠ్వాడాలో ప్రచారంలో ఉంది. మరాఠీలో దీన్ని భానామతి అంటారు.

బాణామతి జరిగిందని నమ్మినవారు ఆశ్రయించే భూతవైద్యుడి పని రెండు విధాలు: ప్రయోగాన్ని విప్పడం, చేసినవారెవరో పట్టి చెప్పడం. ప్రాణాల మీదికి తెచ్చేది రెండోదే. పేరు పడిన మనిషిపై ఊరు దాడికి దిగిన ఉదంతాలున్నాయి.

ఇలాంటి మూఢనమ్మకాలపై పోరాడిన హేతువాది నరేంద్ర దభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణేలో హత్యకు గురయ్యాక, మహారాష్ట్ర అదే ఏడాది నరబలి, చేతబడి నిరోధక చట్టం తెచ్చింది. నేరానికి 6 నెలల నుంచి 7 ఏళ్ల వరకు జైలు, రూ.5,000 నుంచి రూ.50,000 వరకు జరిమానా. బెయిలు హక్కుగా దొరకదు. సాహిత్యంలోనూ ఈ నమ్మకం కనిపిస్తుంది: యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ క్షుద్రప్రయోగాన్ని తెలుగు పాపులర్ నవలకు ఇతివృత్తం చేసింది.