లక్ష్మీదేవికి జరీ చీర

దసరాకు ముందు మా ఇంట్లో బూజు దులిపే పని ఎప్పుడూ దేవుడి గదితోనే మొదలవుతుంది. ఈసారి పై వరసలోని లక్ష్మీదేవి పటం దించుతుంటే మేకు ఊడి వచ్చింది. పటం జారి గట్టుకు తగిలి అద్దం రెండుగా పగిలింది. బొమ్మకు ఏమీ కాలేదు. అది చిత్రకారుడు రాజా రవివర్మ బొమ్మ. ఆయన పోయింది 1906 అక్టోబరు 2న. ఆ రోజు గాంధీ జయంతి కావడంతో రవివర్మ వర్ధంతి చాలామందికి గుర్తే ఉండదు. దసరా కూడా తరచూ ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి నాకు మాత్రం పండగా, ఆయన వర్ధంతీ కలిసే గుర్తొస్తాయి.

ఉన్న ఇంటినే కాస్త అందంగా పెట్టుకోవాలన్న ఆశ ఎంత పాతదో చెప్పే శాసనాలు లేవు. శాసనాలు గుళ్లకు రాసిచ్చిన మాన్యాల గురించి చెబుతాయి, జాజుతో అలికిన అరుగు సంగతి వాటికి అక్కర్లేదు. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే క్రీడాభిరామంలో మాచల్దేవి చిత్రశాల ఉంది, పురాణ కథల బొమ్మలతో. అది రాజు చేరదీసిన మనిషి ఇల్లు. లేపాక్షి కప్పు మీద 16వ శతాబ్దపు రంగులు ఇప్పటికీ ఉన్నాయి. అది దేవుడి ఇల్లు. మామూలు మనిషి ఇంటికి సున్నం పట్టెలు, గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో ముగ్గు. పొద్దున పెట్టిన ముగ్గు సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోయేది, మర్నాడు మళ్లీ పెట్టేవారు. వందల ఏళ్లు అలాగే గడిచాయి.

మామూలు ఇంటి గోడ మీదికి రవివర్మ బొమ్మ వచ్చింది 1894 తర్వాత. తిరువాన్కూరు, బరోడా సంస్థానాల్లో దివానుగా చేసిన సర్ టి. మాధవరావు, రవివర్మ చిత్రాలను ఐరోపాకు పంపి అచ్చు వేయించమని అంతకు కొన్నేళ్ల ముందే సలహా ఇచ్చారు. రవివర్మ ఇంకో అడుగు ముందుకేసి, తమ్ముడు రాజరాజవర్మతో కలిసి బొంబాయిలో తానే ప్రెస్సు పెట్టారు. యంత్రాలు, రాళ్లు, పనివాళ్లు జర్మనీ నుంచి వచ్చారు. అది రాతి అచ్చు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ప్రతి రాయి మీదా ఆ రంగు పడాల్సిన మేర మాత్రమే చేత్తో గీయాలి. అదే కాగితం ఒక రాయి తర్వాత ఒక రాయి మీదికి వెళ్లాలి, వెంట్రుకవాసి పక్కకు జరిగినా దేవత కన్ను చెదిరిపోతుంది. చివర్న వార్నిష్ పూస్తే నూనెరంగుల చిత్రంలా మెరిసేది. శకుంతల జననం, లక్ష్మి, సరస్వతి అలా వచ్చాయి. రాజుల గోడల మీది బొమ్మ తిరునాళ్ల కొట్టుకు చేరింది.

నాకు ఇష్టమైన కథ ఇక్కడ మొదలవుతుంది. వేల ఇళ్లలో ఒకే లక్ష్మి, అదే ఎర్రచీర, అదే తామరపువ్వు. బొమ్మ ఇంటికొచ్చాక ఆడవాళ్లు ఆమెకు నిజం చీర కట్టడం మొదలుపెట్టారు. కాగితం మీద గీసిన చీర మేరకు పట్టుబట్ట కత్తిరించి అతికించేవారు. జరీ అంచు, చమ్కీలు, పూసలు, సన్న ముత్యాలు అద్దేవారు. ముఖం, చేతులు, పాదాలు మాత్రం రవివర్మవే. తర్వాత పటం కట్టించేవారు. చెట్టినాడు మేడల్లో ఇలాంటి పటాలకు ఇప్పటికీ పేరుంది. మన ఊళ్లలోనూ పాత ఇళ్ల దేవుడి గదుల్లో కనిపిస్తాయి.

మా పటం అలాంటిదే. అమ్మమ్మ కాపురానికొచ్చిన కొత్తలో తిరునాళ్లలో కొన్నదట. మధ్యాహ్నం అన్నాలయ్యాక, మగవాళ్లు పొలం వెళ్లాక, నడవాలో చాప మీద బొమ్మ పరుచుకుని కూర్చునేదట. తుమ్మజిగురు నానబెట్టుకునేది. పలచటి కాగితం బొమ్మ మీద పరిచి చీర అంచు పెన్సిలుతో దించుకుని, ఆ కొలతకు బట్ట కత్తిరించేది. "ఆ వారం పది రోజులూ మీ అమ్మమ్మ పక్కింటి గడప తొక్కలేదే. పిలిచినా పలికేది కాదు" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఈ మాట అమ్మకు మా ముత్తవ్వ చెప్పింది.

అద్దం తీశాక మొదటిసారి దగ్గర్నించి చూశాను. కుచ్చిళ్ల దగ్గర బట్టను అతికించలేదు. గోరంత వెడల్పున ఆరు మడతలు పెట్టి పైన మాత్రం సన్న దారంతో కుట్టింది, కింద వదిలేసింది. పటం కదిలినప్పుడు అవి నిజంగా కదులుతాయి. ఎడమ చెవి కమ్మలో ఎర్రపూస, కుడి చెవి కమ్మలో ఆకుపచ్చ పూస. ఎర్రవి అయిపోయి ఉంటాయి. తామరరేకుల మీద ఆమె ఏమీ అద్దలేదు, రవివర్మ గులాబీ రంగును అలాగే ఉండనిచ్చింది. ఎక్కడ ఆగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. వంటా వార్పూ, పశువులూ, పిల్లలూ అందరివీ. ఈ ఆరు మడతలు మాత్రం ఆమెవి. ఆమె చేతి పనిలో ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

ప్రెస్సు సంగతి ఆపైన అంత సాఫీగా సాగలేదు. 1899లో లోనావళా దగ్గరి మాలవ్లీకి మారింది. అప్పుల భారంతో రవివర్మ దాన్ని తన దగ్గర పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైఖర్‌కు అమ్మేశారు. బొమ్మలు అగ్గిపెట్టెల మీదికీ క్యాలెండర్ల మీదికీ వెళ్లాయి. 1972లో అగ్నిప్రమాదంలో ప్రెస్సు కాలిపోయింది.

మా ఇంట్లో అప్పటికి అమ్మ వంతు. క్యాలెండర్ బొమ్మ ఉచితంగానే వస్తోంది, దానికి చీర కట్టే ఓపిక ఎవరికుంది? అమ్మ కుట్లు అల్లికల వైపు వెళ్లింది. రేడియో మీద క్రోషా గుడ్డ, ప్లాస్టిక్ వైరు బుట్టలు, గుమ్మానికి పూసల తోరణం, ముఖమల్ గుడ్డ మీద కుట్టిన "సుస్వాగతం". ఆ తర్వాత టీవీ వచ్చింది, షోకేసు వచ్చింది, అపార్ట్‌మెంటు వచ్చింది. గోడకు మేకు కొట్టాలంటే యజమానిని అడగాల్సిన అద్దె ఇళ్లొచ్చాయి. మా అన్నయ్య కూతురు అమెరికాలో ఉంటుంది. వెన్న డబ్బా మూతకు చమ్కీలు అతికించి దీపావళి ప్రమిద కింద పెట్టుకుని ఫొటో పంపింది. అమ్మమ్మ పటం గురించి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఆ మూతను నేను చాలాసేపు చూశాను.

పగిలిన పటాన్ని మా వీధి చివర పటాలు కట్టే కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన మేకులు ఒక్కొక్కటే పటకారుతో లాగి, వెనక అట్ట తీసి, బొమ్మను అరచేతుల మీద ఎత్తి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, ఈ పచ్చపూస తీసి ఎర్రది పెట్టించుకోండి, జత కుదురుతుంది" అన్నారు.

"వద్దండీ, అలాగే ఉంచండి" అన్నాను.

కొత్త అద్దం బిగించే ముందు, ఫ్రేము అడుగున రాలిపడ్డ చమ్కీలను ఆయన చిన్న కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. పద్నాలుగు. అద్దం రేపు బిగించమని చెప్పి, బొమ్మను గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. తుమ్మజిగురు నానబెట్టాను.