నిర్వాహకుల అంతఃస్ఫూర్తి: జపాన్, అమెరికా

వివరంగా తర్కించకుండానే, అనుభవబలంతో చప్పున ఒక నిర్ణయానికి రావడమే నిర్వహణశాస్త్రంలో అంతఃస్ఫూర్తి. పాశ్చాత్యులు లెక్కలను, తూర్పుదేశాలవారు అంతఃస్ఫూర్తిని నమ్ముతారన్న మాట తరచు వినిపిస్తుంది. అది సగమే నిజం. న్యూజెర్సీ టెలిఫోన్ సంస్థ అధ్యక్షుడు చెస్టర్ బర్నార్డ్ 1938లోనే, తర్కరూపంలో చెప్పలేని ఆలోచనకు అధికారుల పనిలో పెద్ద పాత్ర ఉందని రాశాడు. ఇటు జపాన్‌లో సోనీ అధినేత అకియో మోరిటా, సంస్థలోనే సందేహాలు వచ్చినా, రికార్డు చేయలేని క్యాసెట్ ప్లేయర్ వాక్‌మన్‌ను 1979లో విపణిలోకి తెచ్చాడు. అదే జపాన్‌లో ‘రింగి’ పద్ధతి ప్రకారం ప్రతిపాదన పత్రం కిందిస్థాయిలో మొదలై, ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటూ పైకి వెళ్తుంది. కాబట్టి సంస్కృతి ప్రధానంగా మార్చేది అంతఃస్ఫూర్తి మోతాదును కాదు, దానికి పదిమందిని ఒప్పించే తీరును.

ఇదంతా గుడ్డి ఊహే కదా అనవచ్చు. కాదని నిర్ణయశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ వాదన: ఆరితేరిన చదరంగం ఆటగాడిలా, ఏళ్ల తరబడి మనసులో పేరుకున్న నమూనాలను గుర్తుపట్టడమే అది. మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో దీనికి హద్దు గీశారు: పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి, తప్పొప్పులు తెలుసుకునే వీలుండాలి. పరాయి దేశపు విపణిలో కొత్తగా అడుగుపెట్టిన నిర్వాహకుడికి ఆ క్రమం ఇంకా పట్టుబడదు. అక్కడ అతని అంతఃస్ఫూర్తిని స్థానికుల సలహాతో సరిచూడక తప్పదు.